పేరు తెలియని పనివాడు

మనిషిని పోలిన యంత్రానికి మనిషి హక్కులు ఉండునా? వినుటకు వింతగా తోచు ఈ ప్రశ్న ఒక రాత్రి మా వసతిగృహంలో ఎనిమిదిమంది నిద్రను హరించినది. అందుకు కారణం 'బ్లేడ్ రన్నర్' అను ఆంగ్ల చిత్రం.

ఫిలిప్ కె. డిక్ 1968లో వ్రాసిన నవల ఆధారంగా రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో ఈ చిత్రం 1982లో వెలువడినది. కథాకాలం 2019, స్థలం లాస్ ఏంజెలెస్ నగరం. ఇతర గ్రహాలలో చాకిరీకై ఒక సంస్థ కృత్రిమ మానవులను తయారుచేయును. వారి ఆయుర్దాయం నాలుగేండ్లు మాత్రమే. తప్పించుకొని భూమికి వచ్చిన వారిని వెదకి చంపుట కథానాయకుని ఉద్యోగం. ఆ చంపుటను హత్య యనరు, 'రిటైర్మెంట్' అందురు! పట్టుబడినవాడు మనిషియా, కాదా అని తేల్చుటకు కొన్ని ప్రశ్నలు వేసి కనుపాప కదలికను యంత్రంతో పరీక్షింతురు. సాటిప్రాణిపై జాలి గలవాడే మనిషి యని ఆ పరీక్ష సారాంశం.

చిత్రం ముగియగానే వాదం మొదలైనది. "యంత్రం యంత్రమే, ఆయువును పరిమితం చేయుట తయారుచేసినవాని ముందుచూపు" అన్నాడు భౌతికశాస్త్ర మిత్రుడు. వాణిజ్యశాస్త్రం చదివే మరొకడు, "మూడు వంతులు వాన, ఒక వంతు చీకటి, కథ ఎక్కడ?" అని ఆవులించాడు. ఉర్దూ శాఖ మిత్రుడు మాత్రం చివరి ఘట్టాన్ని విడువలేదు. మేడ అంచున వ్రేలాడుచున్న కథానాయకుని, వానిచే వేటాడబడిన కృత్రిమ మానవుడే చేయిపట్టి పైకి లాగి, వానలో కూర్చుండి ప్రాణం విడుచును. "భాయ్, ఇన్సాన్‌గా పుట్టినవాడు తుపాకీ పట్టినాడు, ఇన్సానియత్ మాత్రం ఆ బొమ్మలో కనబడినది" అన్నాడతడు. నేను భౌతికశాస్త్రం పక్షమే వహించాను.

అభిప్రాయభేదం మాకే పరిమితం కాదు. తొలి ప్రదర్శనలలో ప్రేక్షకులు అయోమయపడుటచే నిర్మాతలు వ్యాఖ్యానమును, సుఖాంతమును జోడించారు. 1992 నాటి ప్రతిలో ఆ రెండూ తొలగింపబడినవి. 2007లో మరొక ప్రతి వెలువడినది. కథానాయకుడు సైతం కృత్రిమ మానవుడే యని దర్శకుడు, కాదు మనిషియే యని నాడు నటుడు హారిసన్ ఫోర్డ్ వాదించుకొనిరట!

సెలవులకు ఊరికి వెళ్లినపుడు ఈ కథను మా నాయనమ్మకు చెప్పాను. రోబో అను మాట కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన నాటకంతో లోకానికి వచ్చినదనీ, చెక్ భాషలో దాని మూలపదానికి వెట్టిచాకిరి యని అర్థమనీ గొప్పగా వివరించాను. వెట్టి అనగానే ఆమె ముఖం మారినది.

"ఆనికి పేరున్నదా బిడ్డా?" అని అడిగింది.

"ఉన్నది నాయనమ్మా."

"అయితే నయమే. మీ తాత పన్నెండేండ్లు గడిల నీళ్లు మోసిండు. ఆయన పేరు ఆ ఇంట్ల ఎవ్వరికీ ఎరుకలేదు. ఒరేయ్ అంటే ఉరుకుడే."

1976 చట్టంతో వెట్టి రద్దయినదని పరీక్షలో వ్రాసి మార్కులు పొందినవాడను నేను. ఆ వెట్టి మా ఇంటి నూతిగట్టు వరకు వచ్చియున్నదని ఆనాడే తెలిసినది.

తిరిగి వసతిగృహానికి వచ్చిన మొదటి రాత్రి భోజనశాలలో బల్ల తుడిచే యువకుడు నా యెదుట నిలిచాడు. రెండేండ్లుగా అతనిని నేను పిలిచిన పిలుపు "ఒరేయ్, నీళ్లు!" అనునదే. నాలుక తడబడగా, "నీ పేరేమిటి తమ్ముడూ?" అని అడిగాను. అతడు గుడ్డను గుండెకు హత్తుకొని బెదురుగా చూచాడు. "ఎందుకన్నా, నేనేం తప్పు చేసిన?" అన్నాడు.

పేరు అడుగుట ఫిర్యాదు కొరకే యని అతని అనుభవం. అతనికి ఆ అనుభవం కలిగించిన వారిలో నేనూ ఒకడను.

ఆ చిత్రంలో కథానాయిక, "ఈ పరీక్షకు నీవెన్నడైనా నిలిచితివా?" అని కథానాయకుని అడుగును. అతడు బదులీయడు. యంత్రం మనిషి యగునా, కాదా అను వాదాన్ని విజ్ఞులు తేల్చెదరు గాక. నా మట్టుకు, నా కనుపాపను ఎవరైనా పరీక్షించి యుండినచో ఆ రెండేండ్లలో నేను నెగ్గి యుండనని మాత్రం తెలియును.