ఇందులో బీము లేదు సార్‌!

ఇల్లు కట్టించుకున్నవాళ్లంతా ప్లాను చూసే ఉంటారు. తాపీమేస్త్రీ చేతిలో ఒక కాగితం, ప్లంబర్‌ దగ్గర ఇంకొకటి, కరెంటు పనివాడి జేబులో నాలుగు మడతలు పడ్డది మరొకటి. ఇవన్నీ వేర్వేరు బొమ్మలని చాలామంది అనుకుంటారు. కాదండీ! కంప్యూటర్లో ఉండేది ఒక్కటే బొమ్మ. ఎవరికి కావలసింది వాళ్లకి చూపించి, మిగతాది దాచి ప్రింటు తీస్తాం. పాతికేళ్లకు పైగా విజయవాడలో నేను చేస్తున్న పని అదే.

ఇలా విడదీయడానికి వాడేవాటినే లేయర్లంటాం. గోడలకొకటి, తలుపులూ కిటికీలకొకటి, బీములకొకటి, నీళ్ల గొట్టాలకొకటి, కరెంటుకొకటి. గాజుపలకల మీద విడివిడిగా గీసి, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టన్నమాట. ఈ ఆలోచన కంప్యూటర్‌తో పుట్టింది కాదు. నాకు పని నేర్పిన గురువుగారు, కింద లైటు వెలిగే గాజుబల్ల మీద ట్రేసింగ్‌ షీట్లు పరిచి ఇదే పని చేసేవారు. అడుగున గోడల షీటు ఉంచి, పైషీటు మీద గొట్టాలు గీసేవారు. ఇంకు గీత తప్పితే బ్లేడుతో గీకాలి. ప్రింటు తీస్తే గదంతా అమోనియా ఘాటు. 1982లో ఆటోడెస్క్‌ సంస్థ ఆటోక్యాడ్‌ని తెచ్చింది. ఆ షీట్లన్నీ మెల్లగా తెర మీదికెక్కాయి. మా ఆఫీసులోకి రావడానికి మాత్రం ఇంకో పదిహేనేళ్లు పట్టిందనుకోండి!

లేయరుని ఆపేస్తే అందులోని గీతలు పోవు. దీపం ఆర్పిన గదిలో సామాను ఎక్కడిదక్కడే ఉన్నట్టు, అవీ ఉంటాయి. కనిపించవంతే. అసలు చిక్కంతా అక్కడే. కనిపించనిది లేదనుకోవడం మనిషికి అలవాటు కదా!

మూడంతస్తుల మామూలు ఇంటి బొమ్మలోనే నా దగ్గర నలభై లేయర్ల దాకా ఉంటాయి. ప్లంబర్‌ కాగితానికి కొన్ని ఆపాలి, కొన్ని వెలిగించాలి. తర్వాత ఎలక్ట్రీషియన్‌ కాగితానికి మళ్లీ అన్నీ మార్చాలి. ఈలోపు కాంట్రాక్టరు పంపిన కుర్రాడు గుమ్మంలో నిలబడి ‘‘అయిందా సార్‌?’’ అంటూనే ఉంటాడు. ఆ తొందరలో ఆపాల్సింది ఆపకపోతే కాగితం గందరగోళంగా ఉంటుంది. ఆపకూడనిది ఆపితేనో?

ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూశాను. తెలిసిన ఇంజినీరు పిలిస్తే ఒక అపార్ట్‌మెంట్‌ దగ్గరికి వెళ్లాను. ఆ బొమ్మలు వేరే ఆఫీసువాళ్లు గీసినవి. రెండో అంతస్తు బాత్రూమ్‌ పక్కన బీముకి నాలుగంగుళాల గొట్టం పట్టేంత కన్నం పడి ఉంది. అడుగు కమ్మీ ఒకటి తెగిపోయింది. పైబరువుకి బీము కిందికి వంగి పగలకుండా పట్టి ఉంచేవి ఆ కమ్మీలే. కన్నం పెట్టిన ప్లంబింగ్‌ కుర్రాణ్ని నలుగురూ చుట్టూ చేరి తిడుతున్నారు. కూలి ఇచ్చేది లేదంటున్నారు. గోడా బీమూ ఒకే మందం, పైన పూత కూడా అయిపోయింది. అతనికి ఎలా తెలుస్తుంది? కుర్రాడు ఎదురు మాట్లాడలేదు. జేబులోంచి కాగితం తీసి నా ముందు పరిచాడు.

‘‘చూడండి సార్‌, ఇందులో బీము లేదు.’’

నిజంగానే లేదు. గీతలు ఎక్కువయ్యాయని ఎవరో బీముల లేయరు ఆపేసి ప్రింటు తీశారు. ఇంజినీరు ఆ కాగితం చూశాక, కుర్రాడి కూలి ఆపడానికి వీల్లేదని గట్టిగా చెప్పాడు. బీము కింద జాకీలు పెట్టి బాగుచేయించారు. ఆఫీసులో ఎవరో చూసుకోని గీతకి ఎండలో నిలబడి మాటలు పడ్డది మాత్రం ఆ కుర్రాడే.

ఇలాంటి తొందరకి మందు ఆటోక్యాడ్‌లోనే ఉంది. దాన్ని లేయర్‌ స్టేట్‌ అంటారు. ఏ లేయరు వెలగాలి, ఏది ఆగాలి, ఏది ఏ రంగులో ఉండాలి... తీరిగ్గా ఒక్కసారి అమర్చుకుని, దానికో పేరు పెట్టి దాచుకోవడమే. ఆ తర్వాత ‘ప్లంబర్‌’ అన్న పేరు ఎంచుకుంటే చాలు, నలభై లేయర్లూ వాటి వాటి స్థితికి వచ్చేస్తాయి. అది దాచేది అమరికనే, గీతల్ని కాదు. కాబట్టి రేపు మీరు వంటింటి గోడ రెండడుగులు జరపమన్నా, ప్రతి కాగితంలోనూ జరిగిన గోడే వస్తుంది. అమరికని విడిగా ఒక ఫైలుగా కూడా దాచుకోవచ్చు. లేయర్ల పేర్లు ఒకేలా పెట్టుకుంటే పక్క వీధిలో ఇంటికీ అదే పనికొస్తుంది.

నా ‘ప్లంబర్‌’ అమరికలో బీముల లేయరు ఎప్పుడూ ఆగదు. లేత బూడిదరంగులో వెనకాల ఉంటుంది. గొట్టాల గీతలకి అడ్డురాదు, అలాగని కనబడకుండానూ పోదు.

దీనికీ కాస్త జాగ్రత్త కావాలి. అమరిక దాచాక బొమ్మలో ఇంకుడుగుంతకి కొత్త లేయరు చేర్చామనుకోండి. పాత అమరికకి దాని సంగతే తెలియదు. తెలియని లేయర్లని ఆపేయమని ముందే టిక్కు పెట్టి ఉంటే ఇంకుడుగుంత మాయం. పెట్టకపోతే, అవసరం లేని కాగితంలోనూ ప్రత్యక్షం! అందుకే లేయరు చేర్చిన ప్రతిసారీ అమరికలన్నీ తెరిచి చూసి, మళ్లీ దాచాలి.

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక అమరికకి ‘ఫైనల్‌’ అనీ, ఇంకోదానికి ‘ఫైనల్‌ కొత్తది’ అనీ పేర్లు పెట్టింది. ‘‘మనమే కదా చూసేది, ఏ పేరైతేనేం సార్‌?’’ అంది. ‘‘నువ్వు సెలవు పెట్టిన రోజున ఎవరు చూస్తారమ్మా?’’ అన్నాను. మర్నాటికి పేర్లన్నీ మారాయి. ‘తాపీ’, ‘ప్లంబర్‌’, ‘కరెంటు’... ఎవరొచ్చి తెరిచినా తెలిసే పేర్లు.

మీరు ఇల్లు కట్టిస్తుంటే ఒక్క పని చేయండి. ప్రింట్లతోపాటు ఆ బొమ్మ ఫైలు కూడా అడిగి తీసుకోండి. మధ్యలో చేసిన మార్పులన్నీ అందులో ఎక్కించారో లేదో కనుక్కోండి. పదేళ్ల తర్వాత గీజరు మార్చడానికో, పైఅంతస్తు వేయడానికో ఎవరో ఒక కుర్రాడు డ్రిల్లు పట్టుకుని మీ గోడ ముందు నిలబడతాడు. ఆ గోడలో ఏముందో అతని చేతిలో కాగితం చెప్పాలి.