అవ్వ ఎక్కిన దోవ

ఈ సంగతి వ్రాయాలా, వద్దా అని చాలా దినములు తటపటాయించాను. సేవకుడు తన పొరపాటును పత్రికలో వ్రాసుకొంటే సంఘములో చులకనైపోతాడని ఒక పెద్దాయన హెచ్చరించారు కూడా. అయితే ఈ సంగతినే నేను ఒకసారి ప్రసంగ వేదికమీదనుండి తప్పుగా చెప్పాను గనుక, దానిని సరిగా చెప్పవలసిన బాధ్యత నామీద ఉన్నది.

మదనపల్లెకు దగ్గరలోని హార్స్‌లీ కొండలను మీలో చాలామంది చూసియుంటారు. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర 19వ శతాబ్దములో అక్కడ ఇల్లు కట్టుకొన్నందున ఆ పేరు వచ్చింది గాని, ఆ చుట్టుప్రక్కల పల్లెలవారికి అది ఏనుగు మల్లమ్మ కొండ. సముద్రమట్టమునకు 1,200 మీటర్లకు పైన ఉంటుంది. మా యౌవనస్థుల కూడికలు అక్కడ జరుపుకొనేవారము.

2021 నవంబరులో మన ప్రాంతములో కురిసిన వానలను ఎవరు మరచిపోగలరు? చెయ్యేరుమీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకొనిపోయినది ఆ నెలలోనే. అంతటి దుఃఖము ముందు కొండమీది పార్కులో ఒక కాలిబాట కోసుకొనిపోవడము చెప్పుకోదగినది కాదు. కాని మరుసటి సంవత్సరము మేము వెళ్ళినప్పుడు ఆ బాట మోకాలిలోతు గండిగా ఉన్నది. ముసలివారు, పిల్లలు దిగలేక వెనుదిరుగుచున్నారు. మా యౌవనస్థులు, “అయ్యగారూ, మనమే బాగుచేద్దాము” అన్నారు. పాడైన త్రోవలను బాగుచేయువారిని గూర్చి యెషయా 58వ అధ్యాయములో వారు అప్పుడే ధ్యానించియున్నారు. అటవీశాఖవారిని అడిగి, 2022 జూన్ నెలలో శనివారములు పని మొదలుపెట్టాము. పదునాలుగుమంది పిల్లలు, నేను, గడ్డపారలు, పారలు, గంపలు.

మొదటి శనివారము గండిని మట్టితో పూడ్చి చదును చేసి, పాటలు పాడుకొంటూ ఇంటికి వచ్చాము. ఆ వారములోనే ఒక వాన పడింది. వెళ్ళి చూస్తే మట్టి అంతా పల్లములో ఉన్నది, గండి మాత్రము ఎక్కడిది అక్కడే ఉన్నది. అప్పుడు మా సంఘములోని మేస్త్రీ తాతను బ్రతిమాలి పిలుచుకొనిపోయాము. ఆయన బాటను ఆ కొననుండి ఈ కొనకు ఒకసారి నడిచి చూసి, “నీళ్ళకు దోవ చూపకుండా మనుషులకు దోవ వేస్తే అది నిలవదు అయ్యగారూ” అన్నాడు.

పొలముగట్లు వేసే మీకు ఇది కొత్త కాదు. బాటను కొండవైపు కొంచెము ఎత్తుగా, పల్లమువైపు కొంచెము వాలుగా చెక్కితే వాననీరు బాట వెంబడి పరుగెత్తకుండా అడ్డముగా జారిపోతుంది. వాలు ఎక్కువగా ఉన్నచోట రాళ్ళవరుస పాతాలి. దానిని నేరుగా అడ్డము పాతితే మట్టి మేటవేసి, నీరు పైనుండి దూకి క్రింద గుంత చేస్తుంది. ఏటవాలుగా పాతితేనే నీరు ప్రక్కకు తిరుగుతుంది. రాయి మూడింట రెండు వంతులు భూమిలో ఉండాలని తాత పట్టుబట్టాడు. పైకి కనబడే రాయికంటె లోపల ఉన్న రాయే ఎక్కువ. పిల్లలు విసుక్కొన్నారు, నేనూ లోలోపల విసుక్కొన్నాను. కాని ఆయన పాతించిన రాళ్ళు తరువాత వానలకు కదలలేదు.

మిగిలినది అడ్డదోవ సంగతి. బాట మెలికలు తిరిగి ఎక్కే చోట, ఆ మెలికలను తప్పించుకొని నిట్టనిలువుగా ఎవరో ఎక్కిన జాడ ఉన్నది. పైభాగమున గడ్డి చచ్చి నేల బోడిగా ఉన్నది. నీళ్ళు పట్టుకొన్నదీ ఆ జాడనే. దానిని మూసివేయాలని నిర్ణయించి, రేగుకంప, తుమ్మకంప కొట్టి అడ్డముగా వేసి, పైన బండరాళ్ళు పెట్టాము. జూలైతో పని ముగిసింది.

ఆ ఆదివారము నేను మత్తయి 7వ అధ్యాయములోని ఇరుకు మార్గమును గూర్చి ప్రసంగించాను. వేదాంత పాఠశాలలో మూడు అంశములుగా ప్రసంగము సిద్ధపరచడము నేర్చుకొన్నాను గదా, రెండవ అంశముగా ఈ అడ్డదోవను వాడుకొన్నాను. కష్టము తప్పించుకోవాలని అడ్డముగా ఎక్కేవాని స్వార్థమువలన అందరి బాట పాడైపోయిందనీ, పాపి నడక అట్టిదనీ చెప్పాను. జనులు తలలూపారు. ఆ ప్రసంగము బాగున్నదని పొరుగు సంఘమువారు పిలిస్తే అక్కడ కూడా చెప్పివచ్చాను.

సెప్టెంబరులో, రాళ్ళు ఎలాగున్నాయో చూద్దామని నలుగురు పిల్లలతో వెళ్ళాను. మెలిక దగ్గర ఒక అవ్వ కూర్చొనియున్నది. ప్రక్కన సీతాఫలాల గంప. కాలికి గుడ్డ చుట్టుకొన్నది, మడమ వాచియున్నది.

“ఏం సామీ, ఈ కంప కొట్టింది మీరేనా?” అని అడిగింది.

“మేమే అవ్వా. దోవ చెడిపోకుండా వేసినాము.”

“ఎవురి దోవ?”

నాకు జవాబు రాలేదు. ఆమె కోపముగా కూడా అనలేదు. “పదమూడేండ్లుగా ఈడనే ఎక్కతా ఉండా నాయనా. పొద్దున బండి వచ్చేలోపల పైన కూర్చోకుంటే పండ్లు అమ్ముడుబోవు. మెలికెల్లో తిరిగి వచ్చేసరికి మెడ పడిపోతాది. ఒక్కమాట అడిగుంటే మీరు యాడ పొమ్మంటే ఆడ పొయ్యేదాన్ని గదా.”

జూన్, జూలై నెలలలో సీతాఫలాలు లేవు. అందుచేత ఆమె రాలేదు, మేము చూడలేదు. కంపలో దూరి ఎక్కబోయి ముల్లు దిగి మూడు దినములు వ్యాపారము పోగొట్టుకొన్నది. నేను ఏ స్వార్థపరుని గూర్చి రెండు సంఘములలో ప్రసంగించానో, ఆ స్వార్థపరుడు ఈ అవ్వ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఆమెను ఆసుపత్రికి తీసుకొనిపోయి ముల్లు తీయించాము. పోయిన మూడు దినముల డబ్బు ఇవ్వబోతే మొదట వద్దన్నది, తరువాత తీసుకొన్నది. తీసుకొన్నందుకు నాకు మనస్సు తేలికైనది. ఆదివారము ఆరాధనలో, నా ప్రసంగములో రెండవ అంశము అబద్ధమని చెప్పి సంఘమును క్షమాపణ అడిగాను. అంతకంటె పొరుగు సంఘమునకు వెళ్ళి చెప్పడమే కష్టమైనది.

ఆ తరువాతి శనివారము కంప తీసివేసి, అవ్వను ముందు నడవమని, మేము వెనుక నడిచాము. చిత్రమేమంటే ఆమె జాడ తెలివైన జాడ. దానిలో సగముకంటె ఎక్కువ పరుపుబండ మీదనే పోతుంది. అక్కడ నీళ్ళు ఎంత పారినా కోసుకోవడానికి మట్టి లేదు. చెడిపోయినది పైనున్న ఇరవై అడుగుల బోడినేల మాత్రమే. మూసివేయవలసినదల్లా ఏమీ లేదు, ఆ ఇరవై అడుగులలో మెట్లు కట్టి, ప్రక్కన నీటికి కాలువ తీస్తే చాలునని మేస్త్రీ తాత అన్నాడు. అటవీశాఖవారు ఒప్పుకొన్నారు.

మెట్లకు మూడు శనివారములు పట్టింది. పదిహేడు మెట్లు. చివరి దినమున అవ్వ గంప నెత్తిన పెట్టుకొని ఎక్కసాగింది. తొమ్మిదవ మెట్టు దగ్గర ఆగి, ఒక చేత్తో గంప పట్టుకొని, రెండవ చేత్తో మోకాలు పట్టుకొన్నది.

“ఈడ ఎత్తు జాస్తి సామీ. ఒట్టి చేతులతో వచ్చేవాళ్ళకు సరే. నెత్తిన బరువుంటే కాలు ఇంత లేయదు” అన్నది.

పిల్లలు నా ముఖము చూశారు. పొద్దు వాలుచున్నది, అందరికీ ఆకలిగా ఉన్నది. తాత తన జానతో కొలిచి చూసి, తొమ్మిదినుండి పైనున్నవన్నీ నాలుగు వేళ్ళు ఎక్కువే ఉన్నాయన్నాడు. గడ్డపార తీసుకొని తొమ్మిదవ మెట్టు రాయిని నేనే పెకలించాను.