ఏడుపాయల ఈత కల్లు, ముర్రుపాల జున్ను

మెదక్‌లో పుట్టి పెరిగినవాళ్లకు సెలవంటే ఏడుపాయలే. ఇప్పటి పిల్లలు గోవా అంటున్నారు, అండమాన్ అంటున్నారు. మా రోజుల్లో నీళ్ల నడుమ ఒక పూట గడపాలంటే మాకున్న దీవి అదొక్కటే. మహారాష్ట్రలో బీడ్ జిల్లా కొండల్లో పుట్టిన మంజీర, బీదర్ మీదుగా మన వైపు వచ్చి, మెదక్ సీమలో ఉత్తరానికి మళ్లి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నడకలో నాగ్సాన్‌పల్లి దగ్గర బండల మధ్య ఏడు పాయలుగా చీలి, మళ్లీ ఒక్కటవుతుంది. ఆ పాయల నడుమ రాతి గుహలో వనదుర్గమ్మ ఉంటుంది. జనమేజయుడు సర్పయాగం చేసింది అక్కడేనని మా వైపు చెప్పుకుంటారు.

గుడికి ఎగువన ఘనపురం ఆనకట్ట ఉంది. మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1905లో కట్టింది. దాని నుంచి మహబూబ్‌నహర్, ఫతేనహర్ అని రెండు కాలువలు బయలుదేరి 21,625 ఎకరాలకు నీళ్లిస్తాయి. కాగితం మీద లెక్క అది. ఆ నీళ్లు రావాలంటే ఇంకా ఎగువనున్న సింగూరు ప్రాజెక్టు కరుణించాలి. సింగూరు గేట్లు ఎత్తితే ఆనకట్ట పొంగి గుడి ముందు నిలబడే చోటు కూడా ఉండదు. అప్పుడు అమ్మవారి ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలో పెట్టి పూజలు చేస్తారు. సింగూరు బిగబడితే పాయల్లో మోకాలి లోతు కూడా ఉండదు. "నీళ్లుంటెనే దుర్గమ్మది దీవి, లేకుంటే ఒట్టి బండలు" అనేది మా మేనత్త. నేను చెప్పబోయే రెండు రుచులూ ఆ నీళ్ల మీద బతికినవే.

మా చిన్నవదినది తెనాలి. అన్నను చేసుకుని మెదక్ వచ్చిన తర్వాత తొలి శివరాత్రి అది. మా ఇంట్లో శివరాత్రి ఉపవాసం, జాగారం అయ్యాక మర్నాడు ఏడుపాయలకు పోయి, అక్కడే వండుకుని తిని, బండ్లు తిరగడం చూసి రావడం ఆనవాయితీ. మూడు రోజుల జాతరలో ఆ రెండో రోజంటే నాకు ప్రాణం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎడ్లబండ్లకు రంగు రంగుల చీరలు చుట్టి, మామిడాకులు కట్టి, డప్పులతో గుడి చుట్టూ తిప్పుతారు. పాపన్నపేట బండి ముందు నడుస్తుంది. మూడో రోజు రథం. మేము మాత్రం ఆ ఏడు శివరాత్రి రాత్రే వెళ్లి నది ఒడ్డునే జాగారం చేశాం. తెల్లవారుజామున కల్లు దించే వేళకు అక్కడ ఉండాలని మేనత్త పట్టు.

ఆ రాత్రి పోతూ, మెదక్ దాటి మంబోజిపల్లి వచ్చేసరికి చెరకు ఫ్యాక్టరీ వాసన జీపులోకి కొట్టింది. అప్పుడింకా గానుగ ఆడుతోంది. ఘనపురం కాలువల కింద పండిన చెరకు అక్కడికే వచ్చేది. చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డిని మొలాసిస్ అంటారని, అందులోంచే రమ్ము తీస్తారని అన్న వదినకు చెబుతున్నాడు. మారిషస్ లాంటి చెరకు దీవుల్లో ఇంటింటి సారా ఆ రమ్మే. ఆ దీవి చెరకు తోటలకు మన తెలుగువాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలోనే కూలీలుగా ఓడలెక్కి పోయారు. మా చెరకు పక్కనే ఉన్నా మా దీవి మీద తాగేది మాత్రం చెరకు నుంచి వచ్చేది కాదు, చెట్టు నుంచి వచ్చేది.

ఆ తెల్లవారుజాము చలి నాకింకా గుర్తే. నది వైపు పొలం గట్టు మీద వరసగా ఈత చెట్లు. కల్లు గీసే గౌడ్ తాత అప్పటికే రెండు చెట్లు దిగి, మూడో చెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఒంటి మీద ఒక్క బనియను. నేను ఈత చెట్టును దగ్గర్నుంచి చూసింది అప్పుడే. తాటి చెట్టుకు కోసినట్టు కొనన గెల కోయరు దీనికి. మొవ్వు కింద కాండం మీదే ఒక పక్క మట్టలు కొట్టి, చర్మం చెక్కి, లేత తెల్లటి చోట గీత పెడతారు. ఈ ఏడు తూర్పు వైపు గీస్తే వచ్చే ఏడు పడమటి వైపు గీస్తారు. అలా గీసిన చోటల్లా చెట్టు సన్నబడి, ఒకసారి ఇటు, ఒకసారి అటు మెలి తిరుగుతూ పైకి పోతుంది. తాత వేలితో కింది నుంచి ఆ గాట్లు చూపిస్తూ, "ఇది మా నాయిన గీసింది, ఇక్కడ్నుంచి నేను" అన్నాడు. గాట్లు లెక్కపెడితే చెట్టు ఎన్నేళ్లు కల్లిచ్చిందో తెలిసిపోతుంది. నేను లెక్కపెడుతూ సగంలో మెడ నొప్పి పుట్టి ఆగిపోయాను. అంత పొడవు ఉంది ఆ చెట్టు.

సాయంత్రం గీత గీసి లొట్టి కడితే రాత్రంతా చుక్క చుక్కగా ఊరుతుంది. చలి ఎంత గట్టిగా ఉంటే అంత తేటగా, అంత తియ్యగా వస్తుంది. అందుకే ఈత కల్లు చలికాలపు సరుకు. మెదక్ చర్చిలో క్రిస్మస్‌కు జనం కిటకిటలాడే రోజుల్లో మంచి ఊపు మీద ఉంటుంది, శివరాత్రి దాటి ఎండ ముదిరితే తగ్గుతుంది. అప్పుడిక తాటి చెట్ల వంతు. చెట్టు నుంచి కారేటప్పుడు అది ఒట్టి తియ్యటి నీరే, నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర. గాలిలోనూ లొట్టి గోడల్లోనూ ఉండే ఈస్టు ఆ చక్కెరను పట్టుకున్న క్షణం నుంచి పులియడం మొదలు. లొట్టి లోపల సున్నం రాస్తే పులవకుండా నీరాగా నిలుస్తుంది. తాత సున్నం రాసిన లొట్టి ఒకటి, రాయనివి మిగతావి కట్టేవాడు. సున్నం లొట్టి పసిపిల్లలున్న ఇళ్లకు.

పక్కనే ఉన్న మోదుగు చెట్టు నుంచి ఆకులు తెంపి, పుల్లతో గుచ్చి తాత దొప్పలు కుట్టాడు. పీచు అడ్డం పెట్టి లొట్టి వంచితే చీమలు, తేనెటీగలు పైన ఆగిపోయి, తెల్లటి నురగతో కల్లు దొప్పలోకి దిగింది. మేనత్త మొదటి దొప్ప తీసుకుని దుర్గమ్మ గుడి వైపు తిరిగి నేల మీద సాక పోసింది. రెండోది వదిన చేతిలో పెట్టింది.

"వద్దత్తయ్యా, నాకు అలవాటు లేదు" అంది వదిన, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"అలవాటు కానీకె కాదు బిడ్డా, ఎరుక కానీకె. పొద్దెక్కితే ఇట్ల ఉండది. ఒక్క గుటక."

తాత కూడా అన్నాడు: "ఎండ తగలకముందే తాగాలె. పగటాల్లకు పులుస్తది, పొద్దూకితే నోరు కొడతది."

వదిన కళ్లు మూసుకుని గుటక వేసింది. తర్వాత కళ్లు తెరిచి దొప్పలోకి చూసింది. "ఇది నిజంగా కల్లేనా? వాసనే రావట్లేదు." ఆ దొప్ప ఖాళీ చేసి, ఇంకో దొప్ప అడగలేక నా వైపు చూసింది. నేనే అడిగాను, ఇద్దరికీ కలిపి.

ముందు నాలుక మీద చల్లటి తీపి. దాని వెనక, గొంతులోకి దిగేటప్పుడు, చిన్న పులుపు, చిటచిటలాడే బుడగలు. చివర్న మోదుగాకు వగరు. ఆ వగరు లేకుండా, గాజు గ్లాసులో పోసిన ఈత కల్లు తాగాను తర్వాత. ఏదో తక్కువైనట్టే ఉంది. ఎంత పులిసినా నాలుగైదు శాతం మించి మత్తుండదు దానికి, తెల్లవారుజామున అది కూడా ఉండదు. మా ఇళ్లలో ఆడవాళ్లు తాగడాన్ని తప్పుగా చూడకపోవడానికి అదీ ఒక కారణమేమో. పొలం పని చేసి వచ్చిన మనిషికి అది తిండి కిందే లెక్క.

ఇక జున్ను సంగతి. నాగ్సాన్‌పల్లిలో మేనత్తకు తెలిసినవాళ్ల బర్రె ముందురోజే ఈనింది. ముర్రుపాలు చెంబుతో తెచ్చుకుంది. తెచ్చుకునే ముందు దూడ తాగిందా లేదా అని రెండు సార్లు అడిగిందట. "దూడ కడుపు నిండినంకనే మనది" అనేది ఆమె నియమం. పుట్టిన తొలి గంటల్లో ఆ పాలు తాగకపోతే దూడకు రోగాలను తట్టుకునే శక్తి రాదు. దూడను కాపాడే ఆ మాంసకృత్తులే, వేడి తగిలితే పాలను గడ్డ కట్టిస్తాయి. యూరప్‌లో చీజ్ చెయ్యాలంటే దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ అనే పదార్థంతో పాలు విరగ్గొట్టే పద్ధతి పాతకాలం నుంచీ ఉంది. జున్నుకు అదేమీ అక్కర్లేదు. ఆవిరి చాలు.

మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్ల గిన్నె పెట్టింది. తొలిరోజు పాలు కాబట్టి వాటికి సరి సమానంగా మామూలు పాలు కలిపింది. రెండు టిఫిన్ డబ్బాల్లోకి వంచింది. ఒక దాంట్లో బెల్లం, యాలకులు, దంచిన మిరియాలు. రెండో దాంట్లో బెల్లం వెయ్యలేదు. ఉప్పు, మిరియాలు, అంతే. బెల్లం లేని జున్ను మా వదిన ఎన్నడూ చూడలేదు. వాళ్ల ఊళ్లో తియ్యటిదే చేస్తారని చెప్పింది. మేనత్త మాట్లాడకుండా మూత పెట్టి, పైన ఒక రాయి పెట్టింది. కాసేపయ్యాక ఈత ముల్లుతో గుచ్చి చూస్తే ముల్లు శుభ్రంగా వచ్చింది.

చల్లారనిచ్చి కత్తితో కోస్తే ఉప్పు జున్ను లేత పసుపు రంగులో, లోపల సన్న సన్న బెజ్జాలతో, గట్టిగా విడివడింది. పంటి కింద కిరకిరమంది. ఆ బెజ్జాల్లో ఉన్న నీరు ఉప్పగా, కొంచెం తియ్యగా నాలుక మీదకి వచ్చింది. దాని మీద మిరియం మంట. ఆ మంట మీద ఒక గుటక కల్లు. అప్పటికి పొద్దు బారెడు ఎక్కింది, కల్లు కాస్త పులిసింది. తెల్లవారి తీపికి ఉప్పు జున్ను సరిపడేది కాదు, ఆ పులుపుకు అతికినట్టు సరిపోయింది. మేనత్త అంతసేపు దాన్ని బయటికి తియ్యకపోవడం అందుకే. పక్కన కాల్చిన కార్జం, గుడాలు ఉన్నా ఆ పూట వాటిని ముట్టుకున్నవాళ్లు తక్కువ. కల్లూ జున్నూ రెండూ నిలవని రుచులే. మర్నాటికి కల్లు కల్లు కాదు, నాలుగో రోజుకు ముర్రుపాలు మామూలు పాలు. సీసాలో దాచి దేశాలు తిప్పగల రమ్ముకు, నెలల తరబడి మాగబెట్టగల చీజ్‌కు ఉన్న పేరు వీటికి రాకపోవడం నాకు బాధే, కానీ ఆ ఒడ్డుకు వచ్చినవాళ్లకే దొరికే రుచి కూడా ఒకటి ఉండాలనుకుంటాను.

తర్వాత తర్వాత మెదక్ చుట్టుపక్కల కల్లు అన్న మాటకే భయపడే రోజులు వచ్చాయి. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు పెరిగారు. దుకాణాల్లో నీళ్లలో సాక్రిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫామ్, ఆల్ప్రాజోలమ్ కలపడం మొదలైంది. ఆ మందు కల్లు మరిగినవాళ్లకు ఒక్కరోజు దొరక్కపోతే చేతులు వణికేవి, ఫిట్స్ వచ్చేవి. 2015లో ప్రభుత్వం దాడులు చేసి సరఫరా ఆపినప్పుడు మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆస్పత్రులు అలాంటి వాళ్లతో నిండాయి. మా వీధిలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని లేనిపోని మనుషులతో మాట్లాడుతుంటే చూశాను. ఆయన తాగింది కల్లు కాదు. దానికి కల్లు అన్న పేరు పెట్టినందుకు నాకు ఈనాటికీ కోపం పోలేదు. అదే ఏడు మంజీర ఎండింది, డిసెంబర్‌లో మంబోజిపల్లి ఫ్యాక్టరీ మూతపడింది. ఏడుపాయల్లో ఆ ఎండకాలం పాయ దాటడానికి చెప్పు తడవలేదు.

2016 సెప్టెంబర్ వానలకు సింగూరు నిండాక నది మళ్లీ నదయింది. ఆ తర్వాత ప్రభుత్వ హరితహారం పథకంలో చెరువు కట్టల మీద ఈత మొక్కలు నాటారు. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిస్తే వెళ్లి తాగాను. శుభ్రంగా, చల్లగా ఉంది, నచ్చింది. పిల్లలకు చెట్టు నీటి రుచి తెలియడానికి అదొక దారి.

గౌడ్ తాత లేడిప్పుడు, మేనత్తా లేదు. పోయిన చలికాలం ఆ గట్టు మీదికి పోతే తాత మనవడు చెట్టు మీద ఉన్నాడు. నడుముకు బెల్టు, దానికి తాడు. గీత కార్మికులకు 2024లో ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం అది. తాతకు మోకు ఒక్కటే ఉండేది. దిగి వచ్చాక, ఆ మందు కల్లు కాలంలో ఎట్లా నిలబడ్డావని అడిగాను.

"కలిపినోనికి ఎంత కావాల్నంటే అంత వస్తదక్కా. నాకు చెట్టు ఎంతిస్తే అంత. తెలిసినోళ్లే వస్తరు, పొద్దుగాల్నే అయిపోతది."

శివరాత్రికి మేమందరం వస్తామని, తెనాలి వదిన కూడా వస్తుందని చెప్పాను. అయితే ముందురోజు ఫోన్ చెయ్యమన్నాడు, గట్టు చివరి చెట్టు మా కోసం ఆపుతానన్నాడు. అక్కడ్నుంచే వదినకు ఫోన్ చేస్తే ఆమె అడిగిన మొదటి మాట ముర్రుపాలు దొరుకుతాయా అని. కనుక్కుందామని నాగ్సాన్‌పల్లిలోకి నడిచాను. ఒక ఇంట్లో చూడి బర్రె ఉంది. శివరాత్రికి వారం అటో ఇటో ఈనుతుందన్నారు. దూడ తాగగా మిగిలితేనే ఇస్తామన్నారు, సరేనన్నాను.