చూసేవాళ్ళు బయటికి!

ఏమండీ, సోమవారం పొద్దున్న ఆరున్నరకి మీరేం చేస్తుంటారు? పాల ప్యాకెట్టు కత్తిరిస్తూ, పేపరు కుర్రాణ్ణి తిట్టుకుంటూ, ఆఫీసు తలుచుకుని ఆవులిస్తూ ఉంటారు. అవునా? నేనూ అంతే. ఏడాదికి ఒక్క సోమవారం తప్ప. ఆ రోజు మాత్రం టీవీ ముందు కుర్చీ అంచున కూర్చుని, "కొట్టు! వద్దొద్దు! ఓలమ్మో, ఆగరా!" అని అరుస్తుంటాను. అప్పుడు లాస్ వేగాస్‌లో ఆదివారం సాయంత్రం ఆరు. ఎవో అనే వీడియో గేమ్ టోర్నమెంటు ఫైనల్స్ నడుస్తుంటాయి. ఫైటింగ్ గేముల పిచ్చోళ్ళకి అంతకు మించిన పండగ లేదు. 1996లో కాలిఫోర్నియాలో ఓ నలభై మందితో మొదలైన ముచ్చట అది. 2023లో ఒక్క 'స్ట్రీట్ ఫైటర్ 6'కే 7,000 మందికి పైగా పేర్లిచ్చారు.

మా పక్క ఫ్లాటు ఆయనది స్టీల్ ప్లాంటు. సి షిఫ్టు దిగి ఇంటికొస్తూ నా కేకలు విని, మా ఇంట్లో ఏదో గొడవనుకుని కంగారుపడ్డారు పాపం. ఇప్పుడేమో చెప్పులు గుమ్మంలో వదిలేసి, "ఎవడు లీడింగు?" అంటూ నేరుగా మా సోఫాలోకే వస్తారు. నిద్ర సంగతి తరవాత.

"మీరు ఆడతారా?" అని అడగబోతున్నారు కదూ? అందరూ అదే అడుగుతారు. ఆడను, చూస్తాను. దానికేం? సచిన్‌ని చూసి చప్పట్లు కొట్టినవాళ్ళందరూ బ్యాటు పట్టారా?

అసలు ఈ చూసే జబ్బు మా తరానికి వీడియో గేమ్ షాపుల్లో అంటుకుంది. తొంభైల చివర్లో నిక్కర్లేసుకున్నవాళ్ళకి వివరించక్కర్లేదు. చీకటి గది, చెక్క పెట్టెల్లో టీవీలు, మూలన మూలిగే టేబుల్ ఫ్యాను. ఒక మెషీన్లో డైనోసార్ల ఆట. దాని అసలు పేరు ఎవడికి కావాలి, పిల్లలందరికీ అది 'ముస్తఫా'యే. ఇంకో మెషీన్లో 'కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97'. ఇంట్లో మాత్రం మా విశాఖ ద్వారకా నగర్ పౌర గ్రంథాలయానికి వెళ్తున్నామని చెప్పేవాళ్ళం. రూపాయి ఉన్నవాడు ఒకడు. వాడి భుజం మీంచి తొంగిచూసేవాళ్ళు బోలెడుమంది. నేను ఏ బాపతో మీకు వేరే చెప్పాలా? "చూసేవాళ్ళు బయటికి!" అని షాపాయన గంటకోసారి కేకేసేవాడు. వెళ్ళేవాళ్ళం. సోడా బండి దాకా వెళ్ళి మళ్ళీ లోపలికొచ్చేవాళ్ళం. ఆడేవాడికి ఓడిపోతానేమోనని బెంగ. చూసేవాడు సలహాలివ్వొచ్చు, నవ్వొచ్చు, ఆట మధ్యలో పార్టీ మార్చేయొచ్చు, పైగా ఖర్చు సున్నా. లాభం ఎవరిదంటారు?

రూల్సంటే భయపడకండి, అరనిమిషం పని. ఇద్దరు మనుషులు, పక్కపక్కనే కుర్చీల్లో. తెర పైన ఇద్దరికీ చెరో ప్రాణం గీత. ఎవడి గీత ముందు ఖాళీ అయితే వాడు రౌండు ఓడినట్టు. ముందుగా రెండు రౌండ్లు కొట్టినవాడిది గేము. అంతే! ఎల్బీడబ్ల్యూ లేదు, డక్‌వర్త్ లూయిస్ లేదు, వానొస్తే గొడుగులేసుకుని కూర్చోడం లేదు. మా అమ్మకి ఒక్క మ్యాచ్‌తో అర్థమైపోయింది. ఎర్రచొక్కా కెన్ అంటే ఇప్పుడు ఆవిడకి మహా అభిమానం. "ఆ అబ్బాయి సరిగ్గా తింటున్నాడో లేదో" అంటుంది.

పైకి అంతే. లోపలికి దిగితే వేరే కథ. గుద్దొస్తే కాచుకోవచ్చు. కాచుకుని కూర్చున్నవాణ్ణి పట్టుకుని విసిరేయొచ్చు. పట్టుకోడానికి వచ్చినవాణ్ణి గుద్దొచ్చు. ఈ మూడింట్లో ఏది? ఆలోచించే టైమెక్కడిది! సెకనుకి 60 బొమ్మలు మారతాయి. కొన్ని గుద్దులు నాలుగో బొమ్మకే తగిలేస్తాయి. మనం చూసి వేలు కదిపేసరికి పన్నెండో పదిహేనో బొమ్మలు దాటిపోతాయి. అంటే చూసి ఆపడం కాదు, ముందే పసిగట్టాలి. అవతలివాడేమో మనం ఏం పసిగడతామో పసిగడుతుంటాడు. అదండీ మజా!

ఏ ఫైటర్‌కి ఎవరి మీద పైచేయి అన్నది ఇంకో సరదా. భీమవరం వైపు చుట్టాలున్నవాళ్ళు కుక్కుట శాస్త్రం గురించి వినే ఉంటారు. ఏ వారం, ఏ నక్షత్రం, డేగ మీద కాకి గెలుస్తుందా లేదా అని కోడిపందెం ముందు తిరగేస్తారు చూడండి, అచ్చం అదే గోల ఇక్కడా. అభిమానులు పట్టికలు గీసుకుని తెల్లారేదాకా కొట్టుకుంటారు. కాకపోతే ఇక్కడ ఎవరి కాలికీ కత్తి కట్టరు. పోలీసులొస్తున్నారని చేలకి అడ్డంపడి పరిగెత్తే పనీ లేదు.

అన్నట్టు, మనం నోరెళ్ళబెట్టి చూసే కాంబోలున్నాయే, దెబ్బ మీద దెబ్బ గుక్క తిప్పుకోనివ్వకుండా, అవి పుట్టింది పొరపాటున. 1991 నాటి 'స్ట్రీట్ ఫైటర్ 2' తయారీలో, కారు పగలగొట్టే బోనస్ రౌండు చూస్తుంటే ఒక దెబ్బ పూర్తికాకుండానే ఇంకోటి తగులుతోందని క్యాప్‌కామ్ వాళ్ళ కంటపడింది. ఉండనీలెమ్మని వదిలేశారు. వాళ్ళ కడుపు చల్లగా!

సరే, అసలు కబురుకొస్తున్నా. కాస్త దగ్గరికి జరగండి. 2004 నాటి ఎవో, కాలిఫోర్నియాలో పొమోనా. 'స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్'. ఇటు అమెరికా కుర్రాడు జస్టిన్ వాంగ్, ఆడుతున్నది చున్-లీతో. అటు జపాన్ నుంచి డైగో ఉమెహారా, మా అమ్మగారి కెన్‌తో. డైగో ప్రాణం గీత వెతుక్కోవాల్సినంత మిగిలింది. కాచుకున్నా లాభం లేదండోయ్. పెద్ద దెబ్బలు కాచుకున్నా కొంచెం ప్రాణం లాగేస్తాయి. ఆయన దగ్గర ఉన్నదే ఆ కొంచెం. జస్టిన్‌కి ఈ లెక్క తెలుసు. చున్-లీ చేత మెరుపు తన్నులు వదిలించాడు. ఒకటా రెండా, 15!

ఆ ఆటలో పారీ అని ఒకటుంది. దెబ్బ తగిలే క్షణంలో స్టిక్కుని ముందుకి నొక్కాలి. వెనక్కి కాదు, ముందుకి, దెబ్బకి ఎదురు! సరిగ్గా పడితే గీత కదలదు. కాస్త అటూఇటూ అయితే అక్కడితో ఖతం. డైగో మొదటిది ఆపాడు. రెండోది ఆపాడు. హాల్లో గోల మొదలైంది. ఐదు, ఆరు, ఏడు... జనం కుర్చీలెక్కుతున్నారు. ఆఖరి తన్నుని గాల్లోకి ఎగిరి మరీ ఆపాడండీ మహానుభావుడు! కిందకి దిగుతూనే కాంబో కట్టి చున్-లీని పడుకోబెట్టాడు. కామెంటరీ ఎవరికి వినపడింది? ఆ వీడియో ఎప్పుడు పెట్టినా సి షిఫ్టాయన చేతిలో కాఫీ చల్లారిపోతుంది.

తమాషా ఏంటంటే ఆ టోర్నమెంటు డైగో గెలవలేదు. ఫైనల్లో కెంజి ఒబాటా చేతిలో ఓడిపోయాడు. కప్పు కొట్టిన ఒబాటాని ఎవరూ తలుచుకోరు. పాపం కదూ?

ఆ డైగో, జస్టిన్‌ల పోరు లూజర్స్ ఫైనల్. ఈ టోర్నీల్లో ఒకసారి ఓడితే ఇంటికి పంపరు, కింది వరసలోకి దింపుతారు. రెండోసారి ఓడితేనే ఇంటికి బస్సు. కింది వరస నుంచి పాక్కుంటూ ఫైనల్‌కొచ్చినవాడు, అప్పటిదాకా ఓటమే ఎరగనివాణ్ణి రెండు మ్యాచ్‌ల్లో ఓడించాలి. మొదటిది గెలిచాడనుకోండి, లెక్క మళ్ళీ సున్నా నుంచి. అక్కడ నా బీపీ ఎవరూ చూడకూడదు.

ద్వారకా నగర్లో ఉండి కోచింగుల ఊసెత్తకపోతే ఎలా? సందుకో బోర్డు, బోర్డుకి వందమంది పిల్లల ఫొటోలు, ర్యాంకులు. ఈ గేములు చూస్తే పిల్లలు చెడిపోతారనే నాన్నలకి నేనొక పేరు చెబుతుంటాను. టోకిడో. చదివింది టోక్యో విశ్వవిద్యాలయంలో. జపాన్‌లో దానికి మించిన సీటు లేదు. 2017లో 'స్ట్రీట్ ఫైటర్ 5' ఎవో కప్పు ఆయనదే. ఇక మాట్లాడరు నాన్నలు. ఆ రోజు ఓడిన పంక్ అనే అమెరికా కుర్రాడు స్టేజీ మీదే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఏడేళ్ళ తరవాత, 2024లో, 'స్ట్రీట్ ఫైటర్ 6' కప్పు ఎత్తాడు. మన సీరియళ్ళలో కూడా ఇంతకాలం ఏడిపించరు.

అర్స్‌లాన్ యాష్‌ని మరిచిపోయానంటే పాపం చుట్టుకుంటుంది. లాహోర్ వాడు. ఆట 'టెక్కెన్'. 2019లో వీసా తిప్పలు పడి పడి జపాన్ ఎవోకి చేరాడు. అప్పటికి టెక్కెన్ అంటే కొరియావాళ్ళ జాగీరు. గెలిచేశాడు! అదే ఏడు వేగాస్‌లోనూ గెలిచాడు. 2023లో, 2024లో మళ్ళీ. ఎక్కడ నేర్చాడంటారు? లాహోర్ గేమ్ షాపుల్లో. క్రికెట్లో లాహోర్ వాడు వికెట్టు తీస్తే టీవీ కట్టేసే నేను, ఇతనికి మాత్రం ఈలలేస్తాను. ఏం చేయను, గేమ్ షాపు చుట్టరికం!

"కుర్రాళ్ళ ఆటలు మనకెందుకండీ" అని మీరంటే ఒప్పుకోను. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 'స్ట్రీట్ ఫైటర్ 5'కి బంగారు పతకం ఇచ్చారు. కొట్టినాయన కొరియాకి చెందిన కిమ్ గ్వాన్-వూ. వయసు 44. ఫైనల్ 4-3, చివరి గేము దాకా. మనవాళ్ళు మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ కూడా అక్కడ ఆడారు. పతకం రాలేదు, వస్తుంది లెండి. అంతకు ముందు ఏడాది డిసెంబరులోనే ఈ-స్పోర్ట్స్‌ని కేంద్ర క్రీడల శాఖ కిందికి తెచ్చారు. సర్కారు వారే ఆటన్నారు, ఇంక మా ఆవిడ ఎందుకు ఒప్పుకోదో!

నా మాట మీద మీకింకా నమ్మకం కుదిరినట్టు లేదు. ఒక పని చేయండి. మీ ఇంట్లో పిల్లల్నడిగి ఆ డైగో వీడియో ఈ రాత్రికి వెతికి పెట్టించుకోండి. యూట్యూబులో ఉంది, పైసా ఖర్చు లేదు. సౌండు బాగా పెంచి చూడండి. భోజనం అయ్యాకే సుమా, తింటూ చూస్తే ముద్ద గొంతులో అడ్డం పడుతుంది.