తలుపు చప్పుడు

దయ్యాలను చూడడానికి టిక్కెట్టు కొనుక్కోవలసి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మన వూళ్ళల్లో దయ్యాలు ఉచితం. చింతచెట్టుకొకటి, పాడుపడ్డ నూతికొకటి చొప్పున అడక్కుండానే దొరికేవి. నా చిన్నతనంలో ఆంధ్రదేశమంతటా తలుపులమీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు చాలామందికి జ్ఞాపకం వుండే వుంటాయి. రాత్రిళ్ళు ఏదో ఆడదయ్యం వచ్చి తలుపు కొడుతుందనీ, ఆ అక్షరాలు చదువుకుని, సరే రేపే వద్దామని వెళ్ళిపోతుందనీ, మర్నాడూ అలాగే వెళ్ళిపోతుందనీ నమ్మకం. చదువుకున్న దయ్యమన్నమాట! మా అమ్మమ్మ నా చేతికి సుద్దముక్క ఇచ్చి, "నీ దస్తూరీ గుండ్రంగా వుంటుందే, రాయి" అని వీధితలుపు మీద నాచేతే రాయించింది. ఇప్పుడు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నాను గాని, నా రచన మొట్టమొదట ప్రకటితమైంది ఆ తలుపుమీదే.

మొన్న వేసవి సెలవుల్లో మా చెల్లెలు రమ్మంటే ఎడిన్‌బరో వెళ్ళాను. స్కాట్లండుకు అది రాజధాని. కొండమీద కోట, కోటకింద నల్లబడ్డ రాతిమేడలు, మేడల మధ్య మనిషి పక్కకు తిరిగితేగాని పట్టని సందులు. మా మరిది హాస్యప్రియుడు. నేను వెళ్ళిన మూడోనాడు, "వదినగారూ, మీరు పిల్లలకు బేతాళకథలు చెప్పి చెప్పి అలిసిపోయి వుంటారు. ఇవాళ రాత్రి అసలు బేతాళుణ్ణే పరిచయం చేస్తాను" అన్నాడు. తీరా సంగతేమిటంటే, ఆ వూళ్ళో చీకటిపడ్డాక పాత పబ్బులచుట్టూ కాలినడకన తిప్పి, ఒక్కొక్కదాని ముందూ నిలబెట్టి, దాని తాలూకు దయ్యం కథ చెబుతారట. మనిషికింత అని రుసుము. అప్పటికే మూడు టిక్కెట్లు కొనేశాడు.

పబ్బు అనగానే నాకు కాళ్ళాడలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారన్న వార్త పేపర్లో చదివి, పండగ చేసుకున్న ఇంట్లో పెరిగినదాన్ని. "సారాకొట్టు కాదే అక్కా, మన కాఫీ హోటల్లాంటిదనుకో. ముసలమ్మలు కూడా వచ్చి కూర్చుంటారు" అన్నది మా చెల్లెలు. పాపను పొరుగింటి మళయాళీ వాళ్ళకప్పగించి ముగ్గురం బయలుదేరాం.

తొమ్మిదయింది. ఇంకా ఎండ! ఆ దేశంలో జూన్ మాసంలో పదింటికి గాని పొద్దు గూకదు. మా మార్గదర్శకుడు ఇరవైయేళ్ళ కుర్రవాడు. విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ రాత్రిళ్ళు ఈ వుద్యోగం చేస్తున్నాడట. నల్లని పొడుగుపాటి అంగీ, నెత్తిన ఎత్తు టోపీ, చేతిలో వెలిగించిన లాంతరూ. పట్టపగలు లాంతరు పట్టుకు నుంచున్న అతన్ని చూస్తే భయం మాట దేవుడెరుగు, జాలి వేసింది. మేం ముగ్గురం గాక మరో పదిమంది దాకా వున్నారు. అందులో ఆస్ట్రేలియానుంచి వచ్చిన ముసలి దంపతులు చేతులు పట్టుకుని నడుస్తూ, ప్రతి దయ్యానికీ పకపకా నవ్వేవారు.

మొదట లాన్‌మార్కెట్ వీధి మూలనున్న డీకన్ బ్రాడీ పబ్బుముందు ఆపాడు. విలియం బ్రాడీ అనే ఆయన పద్దెనిమిదో శతాబ్దపు పెద్దమనిషి. వడ్రంగుల సంఘానికి పెద్ద, నగర సభలో సభ్యుడు. పగలు గొప్పవారి ఇళ్ళకు తాళాలూ బీరువాలూ చేసిపెట్టేవాడు. ఆ తాళపుచెవుల అచ్చు మైనంమీద తీసుకుని రాత్రిళ్ళు ఆ ఇళ్ళకే కన్నం వేసేవాడు. జూదం, అప్పులు. చివరికి పట్టుబడి 1788లో వురికంబమెక్కాడు. ఆయన చేసిన బీరువా ఒకటి నవలాకారుడు స్టీవెన్‌సన్ చిన్ననాటి గదిలో వుండేదట. 1886లో ఆయన రాసిన జెకిల్, హైడ్‌ల కథకు ఈ రెండు బతుకుల మనిషే మూలమని అంటారు. ఇది నాకు బాగానే వుంది. మన వూళ్ళల్లోనూ పగటి పెద్దమనుషులకు కొదవలేదు గదా! కాకపోతే వాళ్ళపేరిట కాఫీ హోటళ్ళు పెట్టరు.

అక్కణ్ణించి వంకరదారిన దిగితే గ్రాస్‌మార్కెట్ వస్తుంది. కోట పాదాల దగ్గర విశాలమైన మైదానంలాంటి వీధి. ఒకప్పుడు పశువుల సంత. 1784 దాకా బహిరంగంగా ఉరితీసే చోటూ అదే. ఉరికంబం వుండిన తావున ఇప్పుడు గుండ్రని రాతికట్టడం వుంది. దానిమీద కూర్చుని పిల్లలు ఐస్‌క్రీం తింటున్నారు. చుట్టూ వరసగా పబ్బులు. ఒకదానిపేరు "లాస్ట్ డ్రాప్". ఆఖరి చుక్క అని ఒక అర్థం, ఆఖరి పతనం, అంటే మెడకు తాడుతో కిందికి జారడం అని మరొక అర్థం. శ్లేష! తెలుగు మేష్టరమ్మను గదా, నాకు తెలియకుండానే శభాష్ అనుకున్నాను. అనుకున్నాక సిగ్గేసింది.

వీధి పొడుగునా నడిపించి వైట్ హార్ట్ అనే పాత సత్రం ముందుకు తీసుకువెళ్ళాడు. 1791లో కవి రాబర్ట్ బర్న్స్ బసచేసిన చోటు. ఆ కవినిగురించి ఒక్కమాట చెప్పి వూరుకున్నాడు. అసలు సంబరమంతా బర్క్, హేర్‌లను గురించి. వీళ్ళిద్దరూ ఐర్లండునుంచి కూలికి వచ్చినవాళ్ళు. ఆ రోజుల్లో వైద్యవిద్యార్థులకు కోసి చూపించడానికి శవాలు చాలేవి కావు. చట్టప్రకారం దొరికేవి కొద్దిపాటి శవాలే. హేర్ ఇంట్లో అద్దెకున్న ముసలివాడొకడు బాకీవుండి చచ్చిపోతే, ఆ శవాన్ని డాక్టర్ నాక్స్ అనే ఆయన శిష్యులకు ఏడు పౌనుల పది షిల్లింగులకు అమ్మారు. రుచిమరిగారు. 1828వ సంవత్సరంలో పదహారుమందిని, తాగించి, వూపిరాడకుండా నొక్కి చంపి అమ్ముకున్నారు. ఆ బేరానికి మనుషుల్ని ఈ పబ్బులోంచే తీసుకుపోయేవారనీ, అందుకే ఇక్కడి నేలమాళిగలో పీపాలు వాటంతటవే దొర్లుతాయనీ చెప్పి లాంతరు మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు కుర్రవాడు. హేర్ సాక్షిగా మారి బయటపడ్డాడు. బర్క్‌ను 1829 జనవరి 28న, మేం బయలుదేరిన లాన్‌మార్కెట్‌లోనే, వేలాదిమంది చూస్తూండగా ఉరితీసి, అతని శవాన్నీ కోశారు. అస్థిపంజరం నేటికీ విశ్వవిద్యాలయంలో వుంది. నాక్స్‌కు ఏ శిక్షా పడలేదు.

"ఆ పదహారుమందీ ఎవరు?" అని అడిగాను.

పాపం, కుర్రవాడు తెలివైనవాడే. ఎక్కువమంది దిక్కులేనివాళ్ళేననీ, పనికోసం వచ్చిన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, అమాయకుడైన జేమీ అనే వీధి కుర్రవాడు అనీ చెప్పాడు. ఆ తరవాత 1832లో చట్టం మార్చారట. ఎవరూ వచ్చి అడగని శవాలను, అంటే బీదల ఆశ్రమాల్లో పోయినవాళ్ళను, వైద్యశాలలకు ఇవ్వవచ్చునన్నారు. చంపడం ఆగింది. బల్లమీదికి మాత్రం బీదవాళ్ళే వచ్చారు. ఆస్ట్రేలియా ముసలాయన నవ్వడం మానేశాడు.

అప్పటికి నిజంగానే చీకటిపడింది. రాళ్ళవీధిలో చల్లగాలి. వెనక్కి నడిపించి చివరికి మమ్మల్ని మ్యాగీ డిక్సన్ పబ్బులో కూర్చోబెట్టాడు. వెచ్చగా వుంది లోపల. మా మరిది బీరు తెచ్చుకున్నాడు, మా అక్కచెల్లెళ్ళకు నారింజరసం. కుర్రవాడు టోపీ తీసి బల్లమీద పెట్టి, ఆఖరికథ నవ్వుకథేనని హామీ ఇచ్చాడు.

ఈ మ్యాగీ ఎడిన్‌బరోకు తూర్పున మసల్‌బరో అనే వూరి మనిషి. చేపలమ్ముకునేది. మొగుడు వదిలి వెళ్ళిపోయాడు. పొట్టకూటికి కెల్సో అనే వూళ్ళో ఒక సత్రంలో పనికి కుదిరింది. అక్కడ గర్భవతి అయింది, సత్రంవాళ్ళ అబ్బాయివల్లనంటారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పని పోతుంది. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, బతకలేదు. ట్వీడ్ నదిఒడ్డున బిడ్డ దొరికింది. 1690నాటి చట్టమొకటి వుంది అప్పుడు: కడుపుతో వున్న సంగతి దాచి, పురుడుకు ఎవరినీ సాయం పిలవకుండా వుంటే, బిడ్డ చచ్చి దొరికినా కనిపించకపోయినా, తల్లే చంపినట్టు. వేరే రుజువు అక్కర్లేదు. 1724 సెప్టెంబరు 2న ఆమెను గ్రాస్‌మార్కెట్‌లో ఉరితీశారు.

చుట్టాలు శవాన్ని పెట్టెలో పెట్టి బండిమీద వూరికి తీసుకుపోతూ, దారిలో దాహానికి ఒక పబ్బు దగ్గర ఆగారు. పెట్టె బయటే వుంది. లోపలినించి చప్పుడు. మూత కదిలింది. తాగుతున్నవాళ్ళు లేచివెళ్ళి మూత తీశారు. మ్యాగీ బతికే వుంది! శిక్ష ఒకసారి అమలుజరిగింది గనక మళ్ళీ ఉరితీయడానికి వీల్లేదన్నారు. చట్టందృష్టిలో ఆవిడ చచ్చిపోయింది గనక పాతపెళ్ళి రద్దయిందట. వదిలేసిన మొగుడు మళ్ళీ వచ్చి రెండోసారి పెళ్ళాడాడంటారు. ఆ పైన పిల్లల్ని కని, దాదాపు నలభైయేళ్ళు బతికిందని కథ. "సగం ఉరిపడ్డ మ్యాగీ" అని జనం పిలిచేవారు. అందరూ చప్పట్లు కొట్టారు.

బల్లకింద మా చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కా, అమ్మమ్మగారి నూతిలో ఆవిడ!" అన్నది.

నాకూ అదే జ్ఞాపకం వచ్చింది. మా అమ్మమ్మగారిది కోనసీమ. ఇంటివెనక కొబ్బరితోట, తోటచివర వాడకం లేని నుయ్యి. వేసవి రాత్రుళ్ళు పెరట్లో మంచాలు వేసుకుని పడుకుంటే అమ్మమ్మ చెప్పేది: "నూతిలో ఆవిడ అర్ధరాత్రి తడిబట్టలతో వస్తుందర్రా. మూడుసార్లు తలుపు కొడుతుంది. అమ్మా, తలుపు తియ్యండమ్మా అంటుంది. పలికారో, మన పని ఆఖరు." ఆవిడ ఎవరనిగాని, నూతిలోకి ఎందుకు వెళ్ళిందనిగాని మేం అడగలేదు. దయ్యాన్ని గురించి అలాంటి ప్రశ్నలు ఎవరడుగుతారు? పగలు ఆ నూతిలో రాళ్ళువేసి, చప్పుడు విని, కేకలు పెడుతూ పరుగెత్తేవాళ్ళం.

ఇంటికి చేరేసరికి పన్నెండయింది. అప్పుడు మనకు తెల్లవారుజాము నాలుగున్నర. మా అమ్మ ఆ వేళకు లేచి డికాక్షను వేసుకుంటుంది. ఫోను చేశాను. "ఏమే, ఈ వేళప్పుడు? అంతా కులాసాయేనా?" అని కంగారుపడింది. కులాసాయేనని చెప్పి, నూతిలో ఆవిడ ఎవరమ్మా అని అడిగాను.

చాలాసేపు పలకలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"ఇప్పుడెందుకే ఆ గొడవ?" అన్నది. తరవాత తనే చెప్పింది. మా వీధిలోని పిల్లే. పద్దెనిమిదో పందొమ్మిదో. మొగుడు పోతే పుట్టింటికొచ్చి వుండేది. కడుపుతో వుందని తెలిసిన రాత్రి అన్నలు ఇంట్లోంచి గెంటేశారు. వాన కురుస్తోంది. వీధిలో నాలుగిళ్ళ తలుపులు కొట్టింది. నాలుగోది మనదే.

"నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మా తలుపు తియ్యండమ్మా అంటోంటే నేనే లేచి గడియ తియ్యబోయాను. మీ అమ్మమ్మ నా రెక్కపట్టుకుని లాగి పడుకోబెట్టింది. పలక్కుండా వూరుకుందా అంటే అదీ లేదు. లోపలినించే అన్నది, 'ఇంతరాత్రివేళ కాదే, రేపు రా' అని."

నేనేమీ అనలేకపోయాను. నా చేతికి సుద్ద ఇచ్చినప్పుడు అమ్మమ్మ మొహం ఎలా వుందో జ్ఞాపకం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. నా అక్షరాలే జ్ఞాపకం వస్తున్నాయి, ముదురుపచ్చ తలుపుమీద తెల్లగా, గుండ్రంగా.

"ఆవిడ పేరేమిటమ్మా?"

చెప్పింది. ఇక్కడ రాయడంలేదు, ఆ అన్నల పిల్లలు ఇప్పటికీ ఆ వూళ్ళోనే వున్నారు. మంచి పేరు. ఆ పేరుగల పిల్లలు నా క్లాసులోనే ఇద్దరున్నారు.

"పాలవాడొచ్చాడు, వుంటానే" అని అమ్మ ఫోను పెట్టేసింది.

మా చెల్లెలు గుమ్మంలో నుంచుని వుంది. "ఏమందే?" అన్నది. చెప్పాను. అంతా విని, ఆ పేరు ఒకసారి మెల్లిగా పైకి అన్నది. లోపల పాప నిద్రలో ఏదో గొణిగితే వెళ్ళి దుప్పటి కప్పి, తలుపు ఓరగా వేసి వచ్చింది.