స్క్రీన్ రికార్డింగుల్లో ముద్దబడే ధ్వని: అమీర్‌పేటలోని ఒక రికార్డింగు గది

స్క్రీన్ రికార్డింగులోకి ధ్వని రెండు దారుల్లో వస్తుంది. పాఠం చెప్పేవారి గొంతు మైకు ద్వారా వస్తుంది. కంప్యూటర్‌లో నడిచే వీడియో, పాట, యాప్‌లు చేసే చప్పుళ్లు లోపలి నుంచే వస్తాయి. ఫిర్యాదులు ఎక్కువగా ఈ రెండోదాని మీదే ఉంటాయి. వింటున్నప్పుడు శుభ్రంగా ఉన్న పాట, రికార్డయిన ఫైల్లో దుప్పటి కప్పినట్టు ముద్దగా వినిపిస్తుంది. మాటలు అర్థమవుతాయి గానీ స, శ, ష ల మొన పోతుంది. తాళాల గలగల, వీణ తంత్రి మీటిన తొలి క్షణపు పదును మాయమవుతాయి.

హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, కంప్యూటర్ కోర్సులు నేర్పే సంస్థలు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. తరగతిలో చెప్పే పాఠం ఇప్పుడు చాలాచోట్ల వీడియోగా కూడా తయారవుతోంది. మేం చూడటానికి వెళ్లిన గది అలాంటి ఒక భవనం పై అంతస్తులో ఉంది. గోడలకు మందపాటి తెరలు, ఒక బల్ల, రెండు కంప్యూటర్లు, తీగతో ఉన్న హెడ్‌ఫోన్లు, ఒక యూఎస్‌బీ మైకు: సరంజామా అంతే. అక్కడ ప్రోగ్రామింగ్ పాఠాలతో పాటు, విదేశాల్లో ఉంటున్న తెలుగు పిల్లల కోసం కర్ణాటక సంగీత పాఠాలు కూడా రికార్డు చేస్తారు. ప్రోగ్రామింగ్ పాఠంలో ధ్వని కాస్త ముద్దగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. సంగీత పాఠంలో అది మొదటి నిమిషంలోనే బయటపడుతుంది.

ఆ గది చూసుకునే కుర్రాడు ఏ సెట్టింగూ ముట్టుకోడు, ముందు కాసేపు పరీక్షగా రికార్డు చేస్తాడు. ఆ ఫైలును ఫోన్లో మరోసారి విని, లోపం ఫైల్లో ఉందా, వినే పరికరంలో ఉందా అని తేల్చుకుంటాడు. ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. హెడ్‌ఫోన్ పిన్ను సగమే దిగితే భూమి తీగ సరిగా తగలదు. అప్పుడు ఎడమ, కుడి చానెళ్ల మధ్య తేడా మాత్రమే చెవికి చేరుతుంది. రెండు చానెళ్లలోనూ సమానంగా ఉండే గాయకుడి గొంతు కొట్టుకుపోయి, వెనక వాయిద్యాలు బోలుగా మిగులుతాయి. ఫైల్లో ఏ తప్పూ లేకపోయినా రికార్డింగు చెడిపోయిందనుకునేది ఇలాంటప్పుడే.

లోపం ఫైల్లోనే ఉందని తేలితే దాన్ని ఆడాసిటీలో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ చూపులోకి మారుస్తాడు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2000లో విడుదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ధ్వనిని బొమ్మగా చూపిస్తుంది. అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం. ధ్వని బలంగా ఉన్నచోట రంగు ప్రకాశంగా ఉంటుంది. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా వినగలదు. మంచి రికార్డింగులో రంగు పైదాకా పాకుతూ క్రమంగా పలచబడుతుంది. ముద్దబడిన రికార్డింగులో ఒక ఎత్తు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి, ఆపైన నల్లగా ఉంటుంది. ఆ గీత ఎక్కడుందన్నదే కారణాన్ని చెబుతుంది. చెవితో ఊహించి సెట్టింగులు ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవడం కంటే ఈ బొమ్మను ఒక్కసారి చూడటం ఎంతో నయం.

గీత 4 లేదా 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటే ముందుగా అనుమానించవలసింది బ్లూటూత్ హెడ్‌సెట్‌ను. అందరికీ ఎదురయ్యేదీ, తక్కువమందికి తెలిసినదీ ఈ కారణమే. మామూలు బ్లూటూత్‌లో ధ్వనికి రెండు పద్ధతులున్నాయి. పాటలు వినడానికి వాడేది ఏ2డీపీ. అది స్టీరియోలో నాణ్యంగా పంపుతుంది, కానీ ఒకవైపు మాత్రమే. మైకుకు అందులో చోటు లేదు. ఫోన్లో మాట్లాడటానికి వాడేది హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతి. అది రెండు వైపులా పనిచేస్తుంది గానీ, మోనోలోనే, సెకనుకు 8,000 నమూనాలతో మాత్రమే. కొత్త పరికరాల్లో 16,000. ఏ పౌనఃపున్యాన్నయినా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువ నమూనాలు కావాలి. అందుకే 8,000 నమూనాలతో 4 కిలోహెర్ట్జ్ దాకా, 16,000తో 8 కిలోహెర్ట్జ్ దాకా మాత్రమే ధ్వని మిగులుతుంది. స కారపు శక్తిలో పెద్ద భాగం 4 కిలోహెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. అక్షరాల మొన పోవడానికి కారణం ఇదే.

రికార్డింగు సాఫ్ట్‌వేర్ మైకును తెరిచిన క్షణంలోనే హెడ్‌సెట్ మొదటి పద్ధతి నుంచి రెండో పద్ధతికి మారిపోతుంది. దాంతో కంప్యూటర్ ఆ హెడ్‌సెట్‌కు పంపే ధ్వని అంతా తగ్గిపోతుంది. రికార్డింగు కూడా అక్కడి నుంచే ధ్వనిని తీసుకుంటుంటే, ఆ లోపమే ఫైల్లోకి దిగుతుంది. విండోస్ 10లో ఒకే హెడ్‌సెట్ స్టీరియో అని ఒకటి, హ్యాండ్స్‌ఫ్రీ అని ఒకటి, రెండు పేర్లతో కనిపించేది కాబట్టి జాగ్రత్తగా చూస్తే పట్టుబడేది. విండోస్ 11లో అవి ఒకే పేరు కింద కలిసిపోయాయి. మ్యాక్‌లోనూ బ్లూటూత్ మైకు తెరిస్తే ఇదే జరుగుతుంది.

దీనికి పరిష్కారం సులువు. వినడానికి బ్లూటూత్ హెడ్‌సెట్ ఉన్నా ఫరవాలేదు, మైకుగా మాత్రం ల్యాప్‌టాప్ మైకునో, యూఎస్‌బీ మైకునో ఎంచుకోవాలి. ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో మైకు దగ్గర డిఫాల్ట్ అని వదిలేయకుండా పరికరం పేరునే పెట్టాలి. లేకపోతే హెడ్‌సెట్ కలపగానే విండోస్ దాన్నే మైకుగా తీసుకోవచ్చు. వెనక ఎక్కడో తెరిచి ఉన్న మీటింగ్ యాప్, మైకు అనుమతి ఇచ్చిన బ్రౌజర్ ట్యాబ్ కూడా ఈ మార్పును తెచ్చిపెడతాయి. అవి మూయాలి. హెడ్‌సెట్ మైకు ఎప్పటికీ అక్కర్లేదనుకుంటే, విండోస్ కంట్రోల్ ప్యానెల్లో ఆ పరికరం సర్వీసుల జాబితాలో హ్యాండ్స్‌ఫ్రీ టెలిఫోనీ దగ్గర టిక్కు తీసేయవచ్చు. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి మైకు తెరిచి ఉన్నా ధ్వనిని ఇంతగా దిగజార్చదు, కానీ కంప్యూటర్, హెడ్‌సెట్ రెండూ దానికి అనువైనవై ఉండాలి. అమీర్‌పేట గదిలో ఇంత దూరం పోలేదు. రికార్డింగు సమయంలో తీగ హెడ్‌ఫోన్లే వాడాలని నియమం పెట్టుకున్నారు. బయటి నుంచి వచ్చే టీచర్లకు అక్కడ వినిపించే మొదటి మాట, “మేడమ్, బ్లూటూత్ ఒక్కసారి ఆపేస్తారా?”

స్పెక్ట్రోగ్రామ్‌లో గీత లేకుండా, రంగు అతుకులు అతుకులుగా చెదిరి ఉంటే కారణం వేరు. రొద తగ్గించే ఫిల్టర్ తప్పుచోట పెట్టారని అర్థం. ఓబీఎస్‌లో ఈ ఫిల్టర్‌కు స్పీక్స్, ఆర్‌ఎన్‌నాయిస్ అని రెండు పద్ధతులున్నాయి. రెండూ మాటను కాపాడి మిగతాదాన్ని అణచడానికి చేసినవే. పాత పద్ధతులు ఎడతెగకుండా ఒకే తీరున వినిపించేదాన్ని రొదగా లెక్కకడతాయి. తంబురా శ్రుతి స్వభావమే ఎడతెగకపోవడం. సంగీత పాఠాల్లో శ్రుతి యాప్ నుంచి వచ్చే షడ్జమ పంచమాలు ఈ ఫిల్టర్ కింద నలిగి, గురువు గొంతు ఆగినప్పుడల్లా సన్నబడి, మళ్లీ లేస్తాయి. ఫిల్టర్‌ను మైకుకు మాత్రమే ఉంచి, కంప్యూటర్ ధ్వని మీద నుంచి తీసేయాలి. గొంతుతో పాటు వాయిద్యం కూడా మైకు ద్వారానే వస్తుంటే మైకు మీద కూడా వద్దు. ఫ్యాను ఆపుకోవడమే మంచిది. జూమ్‌లో రికార్డు చేసేవారు సంగీతకారుల కోసం ఉన్న ఒరిజినల్ సౌండ్‌ను ఎంచుకోవాలి.

జూమ్ విషయంలోనే మరో పొరపాటు తరచూ జరుగుతుంది. స్క్రీన్ పంచుకునేటప్పుడు షేర్ సౌండ్ గడిలో టిక్కు పెట్టకపోతే, పాట స్పీకర్లో మోగి, గది గోడలకు తగిలి, మైకులోకి వెళుతుంది. ప్రతిధ్వనిని తొలగించే ఏర్పాటు దాన్ని చెరిపేయడానికి ప్రయత్నిస్తుంది. చెరిపినా మిగిలిన ముక్కలే అవతలివారికి చేరతాయి. మ్యాక్‌లో క్విక్‌టైమ్‌తో స్క్రీన్ రికార్డు చేసినా మైకు ధ్వనే వస్తుంది, లోపలి ధ్వని రాదు. దానికి బ్లాక్‌హోల్ లాంటి అదనపు సాధనమో, మ్యాక్ ఓఎస్ 13 నుంచి వచ్చిన సౌకర్యాన్ని వాడుకునే రికార్డరో కావాలి.

బొమ్మలో సమదూరంలో అడ్డ చారలు కనిపిస్తే ఒకే ధ్వని రెండుసార్లు చేరిందన్నమాట. ఓబీఎస్ 28 నుంచి ఒక యాప్ ధ్వనిని విడిగా పట్టుకునే వీలు వచ్చింది. దాన్ని పెట్టుకుని డెస్క్‌టాప్ ఆడియోను కూడా ఉంచేస్తే, రెండు ప్రతులు కాస్త ఎడంతో కలుస్తాయి. ఆ ఎడం ఒక మిల్లీసెకను అయితే 500, 1,500, 2,500 హెర్ట్జ్‌ల దగ్గర, అలా పైదాకా, ధ్వని కొట్టుకుపోతుంది. రెండింటిలో ఒకదాన్ని మూసేస్తే చాలు.

నమూనాల రేటు కంప్యూటర్లో ఒకటి, ఓబీఎస్‌లో ఒకటి ఉంటే, ఆ 44.1, 48 కిలోహెర్ట్జ్‌ల తేడాను సరిచేయమన్నది చాలామంది ఇచ్చే మొదటి సలహా. రెండుచోట్లా ఒకే అంకె ఉంచుకోవడం మంచిదే. కానీ ఆ తేడా వల్ల వచ్చేవి చిటపటలు, ధ్వని వీడియో కంటే వెనకబడటం. ముద్దదనానికి దానితో సంబంధం లేదు. బిట్‌రేటు సంగతీ దాదాపు అంతే. ఓబీఎస్‌లో మామూలుగా ఉండే 160 కిలోబిట్లు సరిపోతాయి. మరీ 64కో, అంతకంటే కిందకో తగ్గిస్తేనే ఎన్‌కోడర్ పై పౌనఃపున్యాలను వదిలేస్తుంది.

ఇక విండోస్ సౌండ్ సెట్టింగుల్లో కమ్యూనికేషన్స్ అనే విభాగం ఉంది. కాల్ నడుస్తోందని విండోస్ గుర్తిస్తే మిగతా ధ్వనులను 80 శాతం తగ్గించమని అక్కడ ముందే పెట్టి ఉంటుంది. ఇది తగ్గించేది బిగ్గరతనాన్నే. అయినా వినేవారికి ముద్దగానే తోస్తుంది. ధ్వని నెమ్మదించిన కొద్దీ చెవి మంద్రాన్నీ, తారాన్నీ మధ్యస్థాయి కంటే తక్కువగా పట్టుకుంటుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపారు. కమ్యూనికేషన్స్ విభాగంలో ఏమీ చేయవద్దు అన్నదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. స్పేషియల్ సౌండ్, ఎన్‌హాన్స్‌మెంట్లు కూడా రికార్డింగు వేళ ఆపి ఉంచాలి.

ఇప్పటికే చెడిపోయిన ఫైలు మాటేమిటి? బిగ్గరతనం మాత్రమే తగ్గి ఉంటే పెంచుకోవచ్చు. మైకులో పడిన గది మోత వల్ల వచ్చిన ముద్దదనాన్ని ఈక్వలైజర్‌తో 200 నుంచి 400 హెర్ట్జ్ ప్రాంతంలో కాస్త తగ్గించి కొంత తేటపరచవచ్చు. కానీ 4 కిలోహెర్ట్జ్ దగ్గర కోత పడిన ఫైల్లో ఆపైన ఏమీ లేదు. ఈక్వలైజర్ ఉన్నదాన్ని పెంచుతుందే గాని లేనిదాన్ని పుట్టించదు. గురువు గొంతు వేరే ట్రాకులో శుభ్రంగా ఉంటే కంప్యూటర్ ధ్వనిని మాత్రం మూలం నుంచి మళ్లీ తెచ్చి అతికిస్తారు. ఆ గదిలో ఓబీఎస్‌ను గొంతుకు ఒక ట్రాకు, కంప్యూటర్ ధ్వనికి ఒక ట్రాకు ఉండేలా అమర్చి పెట్టింది అందుకే. రెండూ ఒకే ట్రాకులో కలిసిపోయి ఉంటే పాఠాన్ని మళ్లీ రికార్డు చేయవలసిందే.