మర్ఫ్ చేసే సోమవారం

మే నెల ఆఖరి సోమవారం అమెరికాలో మెమోరియల్ డే. యుద్ధాల్లో ప్రాణాలిచ్చిన సైనికులను తలుచుకోవడానికి ఇచ్చిన సెలవు. చాలా ఇళ్లలో అది మూడు రోజుల వారాంతంలో చివరి రోజు, పెరట్లో గ్రిల్ వెలిగించే రోజు. ఆ పొద్దున్నే ఊరూరా జిమ్‌ల ముందు మాత్రం మరో రకం జనం కనిపిస్తారు. కొందరు బరువు జాకెట్లు బిగించుకుని ఉంటారు, కొందరు మామూలు టీషర్టుల్లో వస్తారు. అందరూ ఒకచోట నిలబడి ఒక మనిషి గురించి వింటారు. ఆ తర్వాత పరుగు మొదలవుతుంది.

ఒక మైలు పరుగు, 100 పుల్‌అప్‌లు, 200 పుష్‌అప్‌లు, 300 స్క్వాట్‌లు, మళ్లీ ఒక మైలు. ఒంటిమీద 20 పౌండ్ల జాకెట్, అంటే మన లెక్కలో తొమ్మిది కిలోలు. దీని పేరు ‘మర్ఫ్’.

మైకేల్ మర్ఫీ న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్ కుర్రాడు, అమెరికా నౌకాదళపు ప్రత్యేక దళమైన నేవీ సీల్స్‌లో లెఫ్టినెంట్. 2005 జూన్ 28న అఫ్గానిస్థాన్‌లోని కునార్ కొండల్లో నలుగురి జట్టుకు నాయకుడిగా ఉన్నాడు. శత్రువులు చుట్టుముట్టారు. ఆ కొండల మధ్య సిగ్నల్ అందలేదు. సాయం కోసం కబురు పెట్టాలంటే మరుగు వదిలి బయటికి రావాలి. వచ్చాడు. మాట్లాడుతుండగా వీపులో తూటా దిగింది, చేతిలోని ట్రాన్స్‌మిటర్ జారిపడింది. దాన్ని మళ్లీ తీసుకుని, చెప్పవలసింది పూర్తిగా చెప్పి, తిరిగి తుపాకీ పట్టాడు. వాళ్లను కాపాడటానికి వచ్చిన హెలికాప్టర్‌ను కూడా కూల్చేశారు. ఆ రోజు మొత్తం 19 మంది పోయారు, జట్టులో ఒక్కడే మిగిలాడు. మర్ఫీకి అప్పటికి 29 ఏళ్లు. 2007లో అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్‌ను ఆయన తల్లిదండ్రులు అందుకున్నారు.

ఈ కసరత్తు ఎవరో ఆయన కోసం కొత్తగా కట్టింది కాదు. ఆయనే ఇష్టంగా చేసుకునేవాడు, ‘బాడీ ఆర్మర్’ అని పిలుచుకునేవాడు. ఆయన పోయిన రెండు నెలల్లోపే క్రాస్‌ఫిట్ అనే వ్యాయామ సంస్థ వాళ్లు దానికి ఆయన పేరు పెట్టారు. నన్ను కదిలించేది ఇదే. విగ్రహం ముందు మనం కాసేపు నిలబడి వచ్చేస్తాం. ఇక్కడ ఆ మనిషి శరీరం పడిన కష్టాన్నే మన శరీరం ఒక పూట పడుతుంది.

చాలామంది మధ్య భాగాన్ని 20 విడతలుగా పంచుకుంటారు: 5 పుల్‌అప్‌లు, 10 పుష్‌అప్‌లు, 15 స్క్వాట్‌లు. ఒక్కో విడత కాగానే బార్ కింద నేలమీద చాక్‌పీసుతో ఒక గీత గీస్తారు. సగం గీతలు పడేసరికి అరచేతుల్లో చర్మం లేస్తుంది, మోచేతులు మాట వినవు. ముందు ముగించినవాళ్లు ఇంటికి పోరు. వెనకబడినవాళ్ల పక్కన చేరి ఆఖరి మైలు మళ్లీ పరిగెడతారు.

అలాంటిదే ఇంకొకటి ఉంది, ‘చాడ్’. చాడ్ విల్కిన్సన్ కూడా సీల్. యుద్ధాల నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాడు. 2018 అక్టోబరులో ఆత్మహత్య చేసుకున్నాడు. అకాంకాగ్వా పర్వతం ఎక్కడానికి సాధన చేస్తూ ఆయన వీపున బరువుతో పెట్టె మీదికి వెయ్యిసార్లు ఎక్కి దిగేవాడు. ఆయన భార్య దాన్నే ఆయన జ్ఞాపకంగా మలిచింది. నవంబరు 11న, మాజీ సైనికులను గౌరవించే వెటరన్స్ డే నాడు, వేలమంది 45 పౌండ్ల సంచి మోస్తూ అదే చేస్తారు. యుద్ధభూమిలో పోయినవాళ్లకు పతకాలున్నాయి. ఇంటికొచ్చాక లోలోపల కుమిలిపోయినవాళ్ల పేరు పదిమందిలో ఎత్తడానికి కూడా ఇళ్లవాళ్లు జంకుతారు. ఆ జంకు పోగొట్టిన ఆమెకు చేతులెత్తి మొక్కాలి.

నాకు నచ్చనిదల్లా దీన్ని పందెంగా మార్చడం. నిమిషాలు, సెకన్లు ఫొటో తీసి పెట్టుకునేవాళ్లలో కొందరికి మర్ఫీ ఎక్కడ, ఎలా పోయాడో తెలియదు. పంతానికి పోతే ప్రమాదం కూడా. అలవాటు లేని ఒంటితో ఇన్ని పుల్‌అప్‌లు చేస్తే కండరాలు చితికి, ఆ వ్యర్థం రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడుతుంది. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అమెరికాలో ఉంటున్న మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ జిమ్‌లకు వెళ్తున్నారు. వచ్చే మే నెలలో మీరూ అక్కడుంటే వెళ్లండి. మొదటిసారైతే జాకెట్ వద్దు, సగం చాలు. పరుగు మొదలుపెట్టే ముందు మర్ఫీ గురించి ఎవరూ చెప్పకపోతే, ఆ నాలుగు మాటలు మీరే చెప్పండి.